ఎనిమిది ఎక్కడ పెడతావు?

దసరా సెలవులకి మా అక్కా, మేనల్లుడూ పాలకొల్లు నుంచి అంబాజీపేట దగ్గర మా ఊరొచ్చారు. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. భుజం మీద సంచి దించకుండానే నా కంప్యూటర్లో బాల్డర్స్ గేట్ 3 ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. 150 జీబీ ఖాళీ అడిగే ఆట. మా ఊరి ఇంటర్నెట్ మీద దింపుకోవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. శనివారం సాయంత్రం ఆరింటికి కూర్చున్నాడు. తొమ్మిదింటికి అన్నానికి లెమ్మని చెబుదామని వెళ్తే, ఆట ఇంకా మొదలే కాలేదు. పాత్రని తయారుచేసుకునే తెర దగ్గరే ఉన్నాడు. మొహం అయింది, జుట్టు అయింది, గొంతు కూడా అయింది. క్లాసు దగ్గర, అంటే ఆ పాత్ర వృత్తి ఎంచుకునే చోట, ఆగిపోయాడు.

ఒళ్ళో ఫోను. ఫోనులో ఎవరో కుర్రాడు ఉన్న 12 క్లాసుల్నీ ర్యాంకుల జాబితాలా పైనుంచి కిందికి పేర్చి చెబుతున్నాడు. పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడ్డ యోధుడు) పైన, రేంజర్ (అడవి వేటగాడు) ఎక్కడో అడుగున. మావాడు అలాంటి వీడియోలు అప్పటికి నాలుగు చూశాడట. నాలుగింటిలోనూ వరస వేరు.

"మావయ్యా, ఏది తీసుకుంటే తర్వాత బాధపడకుండా ఉంటాను?" అన్నాడు.

ఏది బాగుంటుంది అని అడగలేదు చూడండి. ఆ ప్రశ్న వాడిది కాదని నాకు వెంటనే అనిపించింది. నాలుగు నెలల కిందట ఎంపీసీయా, బైపీసీయా అని వాళ్ళింట్లో జరిగిన పంచాయితీలో పెద్దవాళ్ళందరూ వాడి చుట్టూ కూర్చుని అడిగిన ప్రశ్న అది. అదే వాడి నోట్లో ఉండిపోయింది.

ర్యాంకుల జాబితా మనకి కొత్తేం కాదు. సంక్రాంతి వస్తోందంటే భీమవరం వైపు పందెం రాయుళ్ళు కుక్కుట శాస్త్రం తిరగేస్తారు. డేగ, కాకి, నెమలి, సేతువ, అబ్రాసు... ఏ వారం ఏ రంగు పుంజుకి కలిసొస్తుంది, ఏ దిక్కు నుంచి బరిలోకి వదలాలి అని లెక్కలు. మా వీధిలో ఒకాయన ఏడాదంతా బాదంపప్పు పెట్టి పెంచిన డేగని శాస్త్రం చూసి మరీ వదిలి, పావుగంటలో ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు. అవతలివాడు కూడా అదే పుస్తకం చదువుకొచ్చాడు మరి. ఆయన శాస్త్రాన్ని నమ్మడం మానలేదు. ఘడియ తప్పిందన్నాడు.

నేను మావాడి ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టి, "ఎనిమిది ఎక్కడ పెడతావో చెప్పు, అప్పుడు క్లాసు చూద్దాం," అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఈ పోస్టు ఒకరకంగా ఆ రాత్రి వాడికి నేను సరిగ్గా చెప్పలేకపోయినదే.

ఈ ఆటలు ఆడేవాళ్ళకి తెలిసిందే. పాత్రకి ఆరు గుణాలు: బలం, చురుకుదనం, ఒంటి గట్టితనం, తెలివి, వివేకం, మాటకారితనం. అన్నీ ఎనిమిది దగ్గర మొదలవుతాయి. చేతిలో 27 పాయింట్లు ఉంటాయి, ఏ గుణాన్నైనా వాటితో పదిహేను దాకా పెంచుకోవచ్చు. అన్నిటినీ అంత పెంచడానికి చాలవు. చాలామందికి ఎక్కడో ఒకచోట ఎనిమిది మిగులుతుంది, అక్కడ ఇరవై ముఖాల పాచిక వేసిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. అందరూ పదిహేను ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఇవే ఆడుతున్న నాకు మాత్రం, ఆట అయిపోయాక గుర్తుండేది ఎనిమిదే అని అనిపిస్తోంది. క్లాసు ఎంచుకోవడమంటే మనకి ఏం చేతకాదో ఒప్పుకోవడం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. కానీ దీనికి అడ్డం వచ్చేవి చాలా ఉన్నాయి, వాటిలో రెండింటికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

పాము

ఆట ఆడనివాళ్ళు ఈ భాగం దాటేసినా ఫరవాలేదు. ఆడబోయేవాళ్ళు మాత్రం దాటేయండి, కథలో ఒక ముక్క బయటపెడుతున్నాను.

2023 ఆగస్టులో ఆట వచ్చిన కొత్తలో నేను ఫైటర్ని తీసుకున్నాను. పొడుగాటి మనిషి, పెద్ద కత్తి. ఎనిమిదిని ఏమీ ఆలోచించకుండా మాటకారితనం మీద పడేశాను. కత్తి పట్టుకున్నవాడికి మాటలతో పనేంటి? మొదటి మూడు గంటల్లోనే ఒక అడవిలో, సాధువుల్లాంటి వాళ్ళ స్థావరంలోకి వెళ్తాం. అక్కడ ఒక చిన్నపిల్ల దేవుడి విగ్రహం దొంగిలించి పట్టుబడింది. బయట తల్లీ తండ్రీ కాళ్ళావేళ్ళా పడుతున్నారు. లోపల అధికారం చేతిలో ఉన్న ఆవిడ పిల్ల ముందు పాముని నిలబెట్టింది. ఆవిడకి నచ్చజెప్పాలి. మాట్లాడాల్సింది నేనే. పాచిక వేశాను. ఆరు పడింది, అందులో ఒకటి తగ్గింది. పిల్ల భయపడి పరుగెత్తబోయింది, పాము కాటేసింది.

వెనక్కి వెళ్ళి మళ్ళీ వేయొచ్చు. ఒక్క మీట నొక్కితే చాలు. నా వేలు దాని మీదే ఉంది. ఎందుకో నొక్కలేదు. బయటికొస్తే ఆ తల్లీ తండ్రీ ఇంకా అక్కడే ఉన్నారు.

ఆ తర్వాత తొంభై గంటలు ఆడాను. నా ఫైటర్ ఇంకెప్పుడూ ఎవరితోనూ మాట కలపడానికి ముందుకు రాలేదు. వీలున్న ప్రతిచోటా మాట్లాడే పని పక్కవాళ్ళకి అప్పజెప్పి, తను వెనక నిలబడేవాడు. అలా చెయ్యమని ఆట చెప్పలేదు, నేను కూడా కాగితం మీద రాసుకోలేదు. ఆ ఎనిమిది లోంచి మనిషి పుట్టుకొచ్చాడు. అతని బలంతో ఎంతమంది రాక్షసుల్ని నరికానో ఇవాళ ఒక్కటీ గుర్తులేదు.

మావాడు ఇక్కడే గట్టి ఎదురుప్రశ్న వేశాడు. ఇంటర్ కాలేజీలో డౌట్లు అడగనివ్వరంటాడు గానీ ఇంట్లో బాగానే అడుగుతాడు. "మనతో కలిపి నలుగురుంటారు కదా మావయ్యా. నాకు తాళాలు తీయడం రాకపోతే అస్టారియన్ తీస్తాడు, గాయాలైతే షాడోహార్ట్ చూసుకుంటుంది. ఇంక నా ఎనిమిదితో ఏం పని?" నిజమే. నలుగురి జట్టు ఉన్న ఆటలో చేతకానితనం పంచుకునేదే, ఒకరికి రానిది ఇంకొకరికి వస్తుంది. పెళ్ళి పందిట్లో పనుల్లాగే. వంటవాళ్ళ దగ్గర లెక్క చూసేవాడు వేరు, మగపెళ్ళివారి దగ్గర నవ్వుతూ నిలబడేవాడు వేరు. కానీ మగపెళ్ళివారు నేరుగా నీ దగ్గరికే వచ్చి, "ఏమండీ, భోజనాలు ఇంకెప్పుడు?" అంటే, అవతల నవ్వేవాడు ఎంతమంచివాడైతే ఏం లాభం? ఆ ఆటలో సంభాషణ ఎవరు మొదలుపెడితే పాచిక వాళ్ళదే, మధ్యలో పక్కవాడికి ఇవ్వడానికి లేదు. పాము దగ్గర నా వెనకాల ముగ్గురు నిలబడే ఉన్నారు.

పిట్టలదొర

ఈ ఆటల్ని రోల్ ప్లేయింగ్ అంటారు గదా, తెలుగులో ఏమనాలి అని ఎప్పుడూ అనుకుంటాను. పాత్రపోషణ అంటే సినిమా అవార్డు చదివినట్టుంటుంది. నాకు నచ్చే మాట వేషం కట్టడం.

నా చిన్నప్పుడు మా ఊరికి పగటివేషగాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో పిట్టలదొరంటే నాకు ప్రాణం. ఖాకీ కోటు, టోపీ, చేతిలో కర్ర తుపాకీ. కోతలు కోసుకుంటూ వీధంతా తిరిగేవాడు. ఒకసారి మా అరుగు మీద కూర్చుని నీళ్ళడిగాడు. మధ్యాహ్నం రెండయింది, మనిషి బాగా అలిసిపోయాడు. మా నాయనమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, "అన్నం తిన్నావా నాయనా?" అంది. నిజంగానే అడిగింది. ఆయన మీసం దువ్వి, "ఇప్పుడే గవర్నరు గారింట్లో ఏనుగు గుడ్డు అట్టు తినొచ్చానమ్మా, కడుపులో ఖాళీ లేదు, తమరు బలవంతపెడితే ఒక ముద్ద," అన్నాడు. పెడితే మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆకలేస్తోందని మాత్రం అనలేదు. పిట్టలదొరకి నిజం చెప్పడం రాదు కదా.

వేషమంటే నాకు అదే కొలత. తుపాకీ పేలడం పేలకపోవడం తర్వాతి సంగతి. ఆ వేషం కట్టినవాడు చెయ్యలేని పని ఒకటుండాలి, అది అతనికి ఇబ్బంది అవ్వాలి, ఆ ఇబ్బందిలోనే అతను ఏదో ఒక దారి వెతుక్కోవాలి.

ఈ ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చువేసినప్పుడు అందులో క్లాసులు మూడే: యోధుడు, మంత్రగాడు, పూజారి. దొంగ మరుసటేడు వచ్చాడు. మంత్రగాడు కవచం వేసుకోకూడదు, బాకు తప్ప ఇంకో ఆయుధం పట్టకూడదు. పూజారి పదునున్న ఆయుధం ముట్టకూడదు. అంటే మొదట్నుంచీ క్లాసుని క్లాసుగా నిలబెట్టినవి ఈ నిషేధాలే. మంత్రగాడికి కవచం వద్దన్నారు కాబట్టే యోధుడి వెనక నక్కాల్సి వచ్చింది, వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాల్సి వచ్చింది. పాలడిన్‌కైతే ప్రమాణమే కంచె. మీదికి రానివాడి మీద మనమే ముందు కత్తి దూస్తే చాలు, ప్రమాణం తెగిపోతుంది. ఆ రాత్రి విడిదికి నల్లకవచం వాడొకడు వచ్చి పలకరిస్తాడు. ర్యాంకుల వీడియో కుర్రాడు పాలడిన్ కొట్టే దెబ్బ ఎంతో చెప్పాడు గానీ ఈ సంగతి చెప్పలేదు.

నీరు పల్లమెరుగు

క్లాసులే వద్దనే వాదన ఒకటుంది, చిన్నదేం కాదు. 2011 నవంబర్లో వచ్చిన స్కైరిమ్ అనే ఆట ఆ పనే చేసింది. అంతకుముందు 2006లో అదే కంపెనీ తీసిన ఆబ్లివియన్‌లో 21 క్లాసులుండేవి, నచ్చకపోతే మన క్లాసు మనమే అల్లుకోవచ్చు. స్కైరిమ్‌లో అదంతా తీసేశారు. కత్తి తిప్పితే కత్తి వస్తుంది, మంత్రం వేస్తే మంత్రం వస్తుంది. 18 విద్యలు, ఏది వాడితే అది పెరుగుతుంది. వినడానికి ఎంత న్యాయంగా ఉంది!

నేను 2012లో అందులో వైద్యుడిగా ఆడదామని కూర్చున్నాను. ఆయుధం ముట్టడు, గాయపడ్డవాళ్ళకి చికిత్స చేస్తాడు, అవసరమైతే పారిపోతాడు. మూడు రోజులు నిష్ఠగా నడిచింది. నాలుగో రోజు ఒక గుహలో ముగ్గురు దొంగలు. పక్కన విల్లు పడుంది. చీకట్లో కూర్చుని ఒక్క బాణం వేసి చూద్దామనుకున్నాను. దాక్కుని వేసిన బాణానికి దెబ్బ రెట్టింపు. ఒక మెట్టెక్కితే మూడింతలు. వారం తిరిగేసరికి నా వైద్యుడు లోకంలో ఉన్న ప్రతి గుహలోనూ మోకాళ్ళ మీద కూర్చుని విల్లు లాగుతున్నాడు. ఇది నా ఒక్కడి బలహీనత కాదు. స్కైరిమ్ ఎలా మొదలుపెట్టినా చివరికి అందరూ చాటుగా బాణం వేసేవాడిగానే తేలతారని ఆడేవాళ్ళలో పాత జోకు. నీరు పల్లమెరుగు అంటారు కదా, అదే.

డెల్టాలో పుట్టినవాడికి ఈ సామెత పైపై మాట కాదు. ధవళేశ్వరం దగ్గర 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యేదాకా గోదావరి నీళ్ళు పల్లం చూసుకుని సముద్రంలోకి పోయేవి, ఆ పక్కనే పొలాలు ఎండేవి. ఇవాళ మా ఇంటి వెనక పారే కాలువకి గట్లున్నాయి, లాకులున్నాయి. గట్టు తెగితే దాన్ని ఎవరూ స్వేచ్ఛ అనరు, ఇసక బస్తాలు పట్టుకుని పరిగెడతారు. క్లాసు అలాంటి గట్టు అని నా అభిప్రాయం.

"గట్టు నువ్వే వేసుకోవచ్చుగా, ఆటెందుకు వెయ్యాలి?" అని మీరనొచ్చు. కొందరు వేసుకుంటారు, వాళ్ళకి దణ్ణం. నాకైతే పక్కన పులిహోర గిన్నె పెట్టుకుని ఏకాదశి ఉపవాసం ఉన్నట్టుంటుంది. గిన్నె మూత తియ్యకుండా రాత్రి పదకొండు దాకా ఉండగలను. పదకొండున్నరకి ఉండలేను.

నాన్నగారి అనువాదం

ఇక్కడిదాకా వాదన బాగానే నడిచింది. ఇప్పుడొచ్చే సందేహం మాత్రం మా ఇంట్లోనే పుట్టింది.

నేనూ మావాడూ క్లాసు, క్లాసు అని అరుచుకుంటుంటే నాన్నగారు వాలుకుర్చీలోంచి, "క్లాసంటే ఏంట్రా, కులమా?" అన్నారు.

"కులం కాదు నాన్నగారూ, వృత్తి. ఏ పని చేసేవాడివో ముందే ఎంచుకోవాలి."

"ఇదివరకు రెండూ ఒకటేగా," అని మళ్ళీ పేపర్లో తలపెట్టేశారు.

ఆయన జోకుగానే అన్నారు. నాకు మాత్రం గొంతులో ముల్లు పడ్డట్టయింది. పుట్టగానే నీకిది రాదు, నువ్విది ముట్టకూడదు, నీది ఈ పని అని గట్లు కట్టిన ఊళ్ళోనే కూర్చుని, గట్లే అందమని వ్యాసం రాస్తున్నానా నేను? మా వైపు కొత్తమనిషి కనిపిస్తే రెండో ప్రశ్నో మూడో ప్రశ్నో, ఎంతో మర్యాదగా, "తమరేవిట్లండీ?" అని వస్తుంది. ఇంటర్లో నాతో చదివిన స్నేహితుడొకడు ఆ ప్రశ్నకి రకరకాల జవాబులు తయారుచేసుకుని ఉంచుకునేవాడు. వాడికి స్కైరిమ్ అంటే పిచ్చి. ఎందుకో ఒకసారి చెప్పాడు. ఆట మొదట్లో చేతులు కట్టేసి బండిలో తీసుకెళ్తుంటారు, ఖైదీవి. దింపాక ఒకడు నువ్వెవరివి అని అడుగుతాడు. ఏం పని చేసేవాడివని గానీ, మీ నాన్న ఏం చేసేవాడని గానీ అడగడు. "ఆ ఒక్క ప్రశ్న లేకపోతే ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలీదులేరా," అన్నాడు. నాకు తెలీదు, నిజమే. నేను గట్టు అన్నది వాడికి గోడ.

దీనికి నా జవాబు ఎంచుకోవడం అనే మాటలోనే ఉంది. ఆటలో క్లాసు నువ్వు తీసుకునేది, ఎవరో నీ నెత్తిన పెట్టేది కాదు. బాగానే ఉంది. కానీ ఆ మాట నాకు తేలిగ్గా వచ్చినంతగా వాడికి రాదని తెలిసే రాస్తున్నాను.

మూడు నాలుగు రోజుల తర్వాత ఆ స్నేహితుడే ఫోన్ చేశాడు. స్కైరిమ్‌లో పది జాతుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. వాడు ఖజీత్‌ని, అంటే పిల్లి మొహం వాడిని, తీసుకున్నాడు. "ఒరేయ్, నన్ను ఊళ్ళోకి రానిస్తున్నారు గానీ, మావాళ్ళ బిడారుని మాత్రం కోటగుమ్మం బయటే ఉంచారేంట్రా?" అన్నాడు. నిజమే, ఖజీత్ వర్తకులకి ఆ రాజ్యంలో నగరాల్లోకి ప్రవేశం లేదు, గుడారాలు వేసుకుని బయటే అమ్ముకుంటారు. విండ్‌హెల్మ్ అనే ఊళ్ళో ఆర్గోనియన్లని, అంటే బల్లి మొహం వాళ్ళని, ప్రాకారం లోపల ఉండనివ్వరు, రేవులోనే పనీ బతుకూ. క్లాసు తీసేసిన ఆట జాతిని తీసెయ్యలేదు. వాడు ఆ ఆట మానలేదు. ఇప్పటికీ ఖజీత్‌తోనే ఆడతాడు. ఊళ్ళోకి వెళ్ళే ముందు గుడారాల దగ్గర ఆగి, అవసరం లేకపోయినా ఏదో ఒకటి కొంటాడట.

మూడో నంబరు కంప్యూటరు

రెండో సందేహం: తప్పు ఎంచుకుంటే?

2001లో అమలాపురంలో ఒక నెట్ సెంటర్‌లో గంటకి ఇరవై ఇచ్చి డయాబ్లో 2 ఆడేవాణ్ణి. ఐదు క్లాసుల్లో మంత్రగత్తెని తీసుకున్నాను. నా మంత్రగత్తె మూడో నంబరు కంప్యూటర్లోనే ఉండేది, ఆ కుర్చీ ఖాళీ అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. ఒక్కో లెవెల్‌కి ఒక్క పాయింటు. నిప్పుకి కొంత, మెరుపుకి కొంత, మంచుకి కొంత, అందరికీ సమానంగా పెట్టాను. రెండో అంకం చివర డ్యూరియల్ అని ఒక పురుగు ఉంటుంది, ఇరుకు గదిలో. తలుపు తెరిచిన మూడు సెకన్లలో చంపేసేది. రెండు వారాలు, నా పాకెట్ మనీ మొత్తం ఆ గదిలో పోసి, చివరికి అర్థమైంది. నా మంత్రగత్తె ఇంక ముందుకు వెళ్ళలేదు, పెట్టిన పాయింట్లు వెనక్కి రావు. చెరిపేసి మొదట్నుంచి మొదలుపెట్టాను. ఆ రోజు బస్సులో ఏడుపొచ్చింది, ఎవరికీ చెప్పలేదు. పాయింట్లు వెనక్కి తీసుకునే వీలు ఆ ఆటలోకి 2010లో వచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు ఆలస్యం.

కాబట్టి మార్చుకునే వీలుండాలా వద్దా అంటే గట్టిగా వద్దనలేను. బాల్డర్స్ గేట్ 3లో విదర్స్ అని ఒక ఎండిపోయిన ముసలాయన ఉంటాడు. వంద కాసులిస్తే క్లాసు మొత్తం మార్చేస్తాడు, ఎన్నిసార్లైనా. (పాలడిన్ ప్రమాణం తప్పితే తిరిగి తెచ్చుకోవడానికి వెయ్యి. మనిషే మారిపోతే వంద. ఈ లెక్క ఎవరు వేశారో గానీ సూక్ష్మం తెలిసినవాళ్ళు.) మావాడు ఇంతకుముందు స్నేహితుడి దగ్గర ఈ ఆట ఆడినప్పుడు ఆరుసార్లు మార్చుకున్నాడట. "ఆ పాత్ర పేరేంట్రా?" అంటే గుర్తులేదన్నాడు. అది నా వాదనకి బలమే కదా అని సంబరపడి, అన్నాల దగ్గర అక్కకి ఇదంతా చెప్పాను.

అక్క పెరుగు వడ్డిస్తూ ఆగింది. "వంద కాసులకే మార్చేస్తాడా? ఎక్కడుంటాడ్రా ఆ మహానుభావుడు?"

ఎవరం ఏం మాట్లాడలేదు. అక్క 1997లో పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. బైపీసీ కావాలంది. అది ఉన్న కాలేజీకి బస్సులో వెళ్ళాలి, నడిచి వెళ్ళగలిగే కాలేజీలో సీఈసీ ఉంది. ఆడపిల్ల రోజూ బస్సెక్కడం ఎందుకన్నారు. అరుగు మీద నాన్నగారూ, బాబాయీ కలిసి పది నిమిషాల్లో తేల్చేశారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ పక్కనే కూర్చుని తాటిముంజెలు తింటున్నాను. అక్క లోపలి గుమ్మం దగ్గర నిలబడి నావైపే చూసింది. నేనేదో అంటానని చూసిందో, ఊరికే చూసిందో. ముంజె జారి చొక్కా మీద పడితే దాన్ని తుడుచుకుంటున్నాను.

"ఆటలోనైనా మార్చుకోనీరా వాణ్ణి," అని అక్క మజ్జిగ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా అభిప్రాయం మారిందా అంటే, కొంచెం జరిగింది. పాత్ర పాముకి ఎదురుపడ్డాక మార్చడం నాకు ఇప్పటికీ నచ్చదు. అప్పుడు మార్చితే ఆ పిల్ల చావు ఎవరి చేతకానితనమో తెలియకుండా పోతుంది. కానీ మొదటి పది గంటల్లో, ఇంకా నువ్వెవరో నీకే తెలియనప్పుడు, మార్చుకో. రెండుసార్లు మార్చుకో. పదిహేనేళ్ళ పిల్లలకి మనం ఆ రెండుసార్లు కూడా ఇవ్వం.

కష్టతరమైన మోడ్‌లలో బలమైన క్లాసు లేకుండా నెగ్గలేమనేవాళ్ళ గురించి ఒక్క ముక్క: నిజమే, అక్కడ జాబితా చూసుకుని ఆడండి, అది వేరే ఆట. ఎల్డెన్ రింగ్ అనే ఇంకో ఆటలో గోచీతో, దుడ్డుకర్రతో, అన్ని గుణాలూ పదే పెట్టుకుని మొదలయ్యే 'రెచ్' గొప్పా కాదా అని మావాడు అరగంట వాదించాడు. అక్కడ క్లాసు పేరుకే, ప్రయాణానికి సర్దుకునే సంచి. తర్వాత ఏమైనా కావచ్చు. దాని మీద నాకు పెద్ద అభిప్రాయం లేదు.

ఆ రాత్రి పదకొండు దాటాక మావాడు బార్డ్‌ని తీసుకున్నాడు. పాటలు పాడతాడు, వెక్కిరించి మనుషుల్ని చంపుతాడు. ఎనిమిది వివేకం మీద పెట్టాడు. ఎందుకురా అంటే, "అమ్మ ఎలాగూ నాకు లేదంటుంది కదా," అన్నాడు. ఎదురుగా ఉన్నవాడు అబద్ధం చెబుతున్నాడని పసిగట్టడం వాడి బార్డ్‌కి రాదు. రెండు రోజుల్లో కనిపించిన ప్రతివాడినీ నమ్మాడు.

మర్నాడు మధ్యాహ్నం వాడు కాలువకి ఈతకి పోతే, అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. "చదివి నేర్చుకునేది ఏదిరా ఇందులో?" అంది. విజర్డ్ అని చూపించాను. సోర్సరర్‌కి మంత్రం పుట్టుకతో వస్తుంది, విజర్డ్ పుస్తకంలో రాసుకుని నేర్చుకోవాలి, దారిలో దొరికిన తాళపత్రం కూడా డబ్బు పెట్టి తన పుస్తకంలోకి ఎక్కించుకోవచ్చు. అక్క ఇంకేం చూడలేదు. ఎనిమిది ఎక్కడ పెడతావంటే, "బలం ఎందుకు, నలుగురుంటారుగా," అని అక్కడ పెట్టేసింది.

బలం ఎనిమిదైతే ఎక్కువ బరువు మోయలేం. అక్కేమో కనిపించిన ప్రతి పెట్టె తెరిచి గిన్నెలు, గరిటెలు, కొవ్వొత్తులు, కుళ్ళిన ఉల్లిపాయలతో సహా సంచిలో వేసుకుంది. ఓడ కూలిన ఇసకతిన్నె దాటకముందే ఆవిడ విజర్డ్ అడుగు తీసి అడుగు వెయ్యలేని స్థితికి వచ్చింది. కొన్ని పారెయ్యమన్నాను. "ఇత్తడిలా ఉందిరా, ఎలా పారేస్తాం?" అంది. విడిదికి పంపెయ్యొచ్చంటే, కళ్ళెదురుగా ఉండాలంది. నాలుగు రోజులుగా రోజుకో అరగంట ఆడుతోంది. ఇంకా పాము ఉన్న చోటికి చేరలేదు. విదర్స్ మాత్రం దొరికాడు.

ఆయనతో రెండుసార్లు మాట్లాడింది. ఏమీ మార్చుకోలేదు. దారిలో ఏదో అమ్మే మనిషి కనబడితే మావాడు మంచి కవచం కొనమని ఒకటే పోరు పెట్టాడు. అక్క తన కాసులన్నీ లెక్కపెట్టి, వంద పక్కన పెట్టి, మిగతాది ఎంతో చెప్పమంది.

"ఆ వంద ఎందుకమ్మా?"

"ముట్టుకోకు. అవి ఆయనవి."